ముసలాయన రుమాలు

మొన్న మధ్యాహ్నం క్లినిక్‌లో చివరి రోగిని పంపించి అన్నం క్యారేజీ విప్పబోతుంటే, మా పాత కాలనీ అమ్మాయి ఒకతె తలుపు దగ్గర నిలబడింది. ఇంటర్ అయిపోయిందట, డాక్టరు చదువుకు బయటి దేశం పోతోందట. సూట్‌కేసు బరువు గురించీ, పచ్చడి సీసాల గురించీ చాలాసేపు మాట్లాడి, అసలు సంగతి లేవబోతూ అడిగింది. "అక్కా, గా భాష రాకుంటే ఎట్లక్కా?" వస్తుందిలే అని చెప్పి పంపించాను. కానీ ఆ తర్వాత ముద్ద నోటి దాకా పోలేదు. పదిహేనేళ్ళ కిందటి కజకిస్తాన్ వచ్చి ఎదురుగా కూర్చుంది.

ఇక్కడ సీటు రాక వెళ్ళినదాన్ని నేను. మా బాపు గనిలో కోల్ ఫిల్లర్. పేల్చిన బొగ్గును భూమి లోపల పట్టాల మీది టబ్బుల్లోకి ఎత్తి నింపే పని. చదువంతా ఇంగ్లీషులోనే ఉంటుందని పంపించే ఏజెంటు ఆయనకు చెప్పాడు. అబద్ధమేమీ కాదు, పాఠాలు ఇంగ్లీషులోనే చెప్పారు. రోగులకే ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు రష్యన్ మాట్లాడేవాళ్ళు. మా ఊరిలాగే ఆ కాలేజీ ఊరూ బొగ్గు ఊరే. బస్సు దిగగానే మంచు కొత్తగా ఉందిగాని, గాలిలోని వాసన మాత్రం గోదావరిఖనిలో పొద్దున్నే మా వీధి పొయ్యిలన్నీ రాజుకున్నప్పటి వాసన. ఆ మొదటి రోజు నాకు ధైర్యమిచ్చింది అదొక్కటే. భాష ఆ ధైర్యాన్ని వారంలో తీసేసింది. రష్యన్‌లో 'రాయడం' అనే మాటను ఒక అక్షరం ముందు నొక్కి పలికితే 'ఒంటికి పోవడం' అవుతుంది. ఏం చేస్తున్నావని టీచరు అడిగితే, నేను పెన్ను ఎత్తి చూపించి మరీ గట్టిగా తప్పు చోట నొక్కాను. క్లాసు ఆగి ఆగి నవ్వింది. ఆ తర్వాత చాలా కాలం తలూపడమే నా రష్యన్.

మూడో ఏడు వచ్చింది. ఇరవై నిమిషాలు రోగి పక్కన కూర్చుని, రోగం సంగతంతా రష్యన్‌లో అడిగి రాబట్టాలి. అదే పరీక్ష. ఒకసారి తప్పాను. వార్డు పెద్ద మేడం అందరి ముందూ, నాకు అర్థం కావాలని మాట మాట విడదీసి, మూగ డాక్టరు రోగికి దేనికీ పనికిరాదు, ఇంటికి వెళ్ళిపో అంది. విచిత్రమేమిటంటే అందులో ఒక్క మాటకు కూడా నాకు నిఘంటువు అక్కర్లేకపోయింది. రెండోసారీ తప్పితే ఏడాదంతా మళ్ళీ చదవాలి. బాపు ఆ ఏడాదికి ఎక్కడి నుంచి తెస్తాడో ఆలోచించడానికే భయమేసేది. నలభై ప్రశ్నలు బట్టీపట్టి వెళ్ళాను.

నాకు పడిన రోగి గోడవైపు తిరిగి పడుకున్న ముసలాయన. విదేశీ పిల్లలంటే గిట్టదని నర్సు ముందే చెప్పింది. మొదటి మూడు ప్రశ్నలకూ ఆయన వీపే నాకు జవాబు. నాలుగోది మర్చిపోయి, దిక్కుతోచక దుప్పటి మీదున్న ఆయన చేతిని చూశాను. వేళ్ళ కణుపుల మీద నీలపు గీతలు. దెబ్బలో బొగ్గు పొడి పడి మానితే మచ్చ నీలంగా ఉండిపోతుంది. బాపు నుదుటి మీదా, మా వీధిలో సగం మంది మోచేతుల మీదా అది చూస్తూ పెరిగాను. బట్టీపట్టినవన్నీ వదిలేసి, "గని?" అన్నాను. "మా నాన్న కూడా... గని. బొగ్గు. లోపల."

ముసలాయన మెల్లగా ఇటు తిరిగాడు. "ఇండియాలో బొగ్గుందా?" అన్నాడు.

ఉందన్నాను. అంతే, లేచి కూర్చున్నాడు. మా గని ఎంత లోతని ఆయన అడిగాడు, ఎన్నేళ్ళు దిగారని నేను అడిగాను. నాకు మాట దొరక్కపోతే చిన్నపిల్లకు నేర్పినట్టు తనే అందించేవాడు. దగ్గూ, ఆయాసమూ, చెమటా అన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. అప్పుడు నాకు బాపు తువ్వాల గుర్తొచ్చింది. దగ్గిన తువ్వాలను ఆయన ఇంట్లో ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు, తనే ఉతుక్కునేవాడు. నా నలభై ప్రశ్నల్లో లేని ప్రశ్న అడిగాను. "మీ రుమాలు ఏది?"

ఆయన దిండు కింది నుంచి తీశాడు. దాని మీద ఎండిన నెత్తురు. ఏ డాక్టరుకూ చెప్పలేదట. చెబితే ఇక్కడే ఉంచేస్తారు, ఆలుగడ్డలు నాటే అదను దాటిపోతుంది అన్నాడు. తలుపు దగ్గర నిలబడి అంతా విన్న మేడం వచ్చి ఆ రుమాలు అందుకుంది. మళ్ళీ ఎక్స్‌రేలు తీశారు, ఊపిరితిత్తిలో క్షయ పుండు దొరికింది. మందులకు లొంగే దశలోనే దొరికింది. మేడం నా మార్కుల పుస్తకంలో అయిదు వేసింది. అక్కడ అంతకు మించి మార్కు లేదు. "నీ వ్యాకరణం ఘోరం. సోమవారం నుంచి నా వార్డులో పనిచెయ్యి," అంది. హాస్టల్ దాకా మంచులో పరుగెత్తాను. ఆ ఏడు శరత్కాలంలో ముసలాయన ఒక బస్తా ఆలుగడ్డలు తన భుజం మీదే మోసుకొచ్చి మా మెట్ల మీద దించి, నా తప్పులన్నీ దిద్దుతూ గంటసేపు మాట్లాడి వెళ్ళాడు.

పరీక్ష అయిన సాయంత్రమే ఇంటికి ఫోను చేశాను. బాపు మార్కు సంగతి విన్నాడు. "మంచిగైంది బిడ్డా. గా ముసలాయన ఎన్నేండ్లు దిగిండట?" అన్నాడు. ముప్పై ఒకటని చెప్తే, తనకంటే ఆరేళ్ళు ఎక్కువేనని మెచ్చుకున్నాడు. అప్పుడు అడిగాను. రష్యన్ కంటే కష్టమైంది ఆ తెలుగు ముక్క.

"బాపూ, నీ తువ్వాల నువ్వే ఎందుకు పిండుకుంటవ్?"

"నీకెందుకే గా ఫికర్," అన్నాడు ముందు. తర్వాత మెల్లగా, "రేపు దవాఖానకు పోత తియ్."

పోయాడు. నెత్తురు పడటం నిజమే, ఆయనదీ క్షయే, కానీ ముదరలేదన్నారు. మందులు వాడాడు, గనిలోకి దిగక్కర్లేకుండా పైన డ్యూటీ ఇచ్చారు. ఇప్పుడు రిటైరై, రోజూ చౌరస్తా దాకా నడిచి వెళ్ళి చాయ్ తాగి, నేను రాసిన మందులకు వంకలు పెడుతున్నాడు. పద్దెనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి అడగని మాట అడగడానికి నేను అంత దూరం వెళ్ళి మూడేళ్ళు మూగగా ఉండాల్సి వచ్చింది. ఆ మూడేళ్ళూ వృథా అని ఒకప్పుడు ఏడ్చేదాన్ని. ఇప్పుడు చూసుకుంటే, నా జీవితంలో అంత అక్కరకొచ్చిన కాలం ఇంకొకటి కనబడదు.