తిన్నది లెక్కలోకి రాదన్నారు

చంటీ! ఇలా పిలిస్తే “క్యా హై అమ్మా” అని లోపల్నించి పలికేవాడు. కిందటి నెల మా అబ్బాయి చనిపోయాడు. అడవిలో పట్టిన మలేరియా తలకెక్కింది. నాకు పెద్దగా చదువు లేదు, తెలిసినంత రాస్తున్నాను.

మాది బాగ్‌బేరా, ఇక్కడ గడప దాటితే అంతా హిందీయే. మావారు రైల్వే యార్డులో పనిచేస్తారు. బాబుది అడవుల ఆఫీసులో సర్వే ఉద్యోగం. ఒక కొండ మీద సాల్ చెట్లు, అదే గుగ్గిలం చెట్లు, కొట్టేసి టేకు వేద్దామని ఆఫీసర్ల ఆలోచన. టేకు ఎంత పలుకుతుందో వాళ్లకి తెలుసు. నిలబడున్న సాల్ అడవి ఏడాదికి ఎంత ఇస్తుందో తేల్చమని వీడిని పంపారు. “తక్కువ తేలిందంటే గొడ్డలి పడిపోద్దమ్మా” అనేవాడు.

సంతలో అమ్మే విస్తరాకులు, ఇప్పపువ్వు తేలిగ్గానే లెక్కకొచ్చాయి. చిక్కంతా అడవినించి తెచ్చుకుని ఇళ్లలో తినే దుంపలు, ఆకుకూరలు, పుట్టగొడుగులతోనే. అందుకని చేతికాటా పట్టుకుని ఆ కొండ మీది ఊళ్లో ఇంటింటికీ తిరిగి, పొయ్యెక్కకముందే తూచేవాడు. తూచినవాడు తినకుండా లేస్తే ఆ ఇంటివాళ్లకి కోపం. అన్ని ఇళ్లలోనూ తిని, సాయంత్రం బస్సులో వచ్చి నా దగ్గర కంచం తోసేసేవాడు.

“ఏటిరా, నా వంట సయించడం నేదా?”

“అరే అమ్మా, తినకపోతే రేపు తలుపు తియ్యరే!”

“ఉజ్జోగమా, పేరంటమా?” అని వాళ్ల నాన్న.

“డ్యూటీయే నాన్నా. ఇయ్యాల రెండిళ్లు ఓవర్‌టైం!”

ఆఫీసులో మాత్రం అమ్మినదే లెక్క, తిన్నది లెక్కలోకి రాదన్నారట. ఆ రోజు చొక్కా కూడా విప్పకుండా కూర్చున్నాడు.

“అడవి పోతే ఆ కూర వాళ్లు కొనుక్కోవాలి కదమ్మా. నువ్వు సెప్పు, తిన్నది లెక్క కాదా?”

“కడుపు నిండితే లెక్క కాకపోడమేటిరా?”

మర్నాడే మళ్లీ కాటా పట్టుకుని కొండెక్కాడు. ఆ తిరుగుడులోనే జ్వరం పట్టింది.

పెద్దకర్మ నాడు వాళ్ల పెద్ద సారు వచ్చారు. వాడు తూచినవాటికి సంత ధర కట్టి లెక్కలో కలిపారట. కలిపితే టేకు కన్నా ఎక్కువే తేలిందట. ఆ కొండ మీద చెట్లు ఇప్పట్లో కొట్టరని చెప్పి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ ఊరి ఆడవాళ్లూ వచ్చారు. వాళ్ల మాట నాకు రాదు, నా మాట వాళ్లకి రాదు. వరసగా కూర్చోబెట్టి అన్నం పెట్టాను. ఒకామె చాలని చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతి పక్కనించి ఇంకో గరిటె వేశాను. నా మొహం చూసి, చెయ్యి తీసేసి తింది.

మీరు కూడా వేళకి కడుపునిండా తినండి.