హార్డ్ డిస్కుకు మొలక కట్టిన నాగమ్మత్త

ఇప్పుడొక వీరగాథ చెప్పబోతున్నాను. అందులో మహావినాశనం ఉంది, ఒక కుటుంబం ప్రాణప్రదంగా దాచుకున్న నిధి ఉంది, సమయానికి అడ్డుపడిన వీరవనిత ఉంది. సరే, నిజం చెప్పేస్తాను: నాశనమైంది మా ఇంటి కంప్యూటర్, వీరవనిత పక్కింటి నాగమ్మత్త, ఆవిడ ఆయుధం గుప్పెడు కందులు. ఇదంతా ఇప్పుడెందుకంటే, ఫొటోలు దాచిన చిన్న హార్డ్ డిస్కును ఇందాక సంచిలోంచి తీయగానే ఎండు వేపాకు వాసన గుప్పుమంది. కంప్యూటర్ సామానుకు ఉండాల్సిన వాసన కాదది.

నాగమ్మత్త ఏటా కంది విత్తనాన్ని బూడిదా ఎండు వేపాకూ కలిపి రెండు కుండల్లో దాచేది. ఒకటి తన ఇంట్లో, రెండోది కొమరోలులో చెల్లెలి ఇంట్లో. "రెండూ ఈడనే పెడితే పురుగుకు సుళువు అల్లుడా. కొమరోలు పోవాలంటే దానికి బస్సు దొరకొద్దా?" అనేది. విత్తే ముందు రెండింటి నుంచీ గుప్పెడు తీసి, తడిగుడ్డలో మొలక కట్టి, మొలుస్తాయో లేదో చూసేది.

మా అక్క పెళ్ళి ఫొటోలన్నీ కంప్యూటర్లోనే ఉండేవి. స్టూడియో అతను తన దగ్గరున్నవి ఎప్పుడో చెరిపేశాడు. వాటిలో ఒకటి మా నాయన నవ్విన ఫొటో. అప్పగింతలప్పుడు ఆయన దిగులుగా కూర్చుంటే నాగమ్మత్త, "ఊరుకో అన్నా, రేపటికి వాళ్ళే తెచ్చి దిగబెడతారు. నీ కూతురి నోరు నాకు తెలీదా!" అంది. అంతకుముందు గానీ, ఆ తర్వాత గానీ ఆయన కెమెరా ముందు నవ్విన దాఖలా లేదు. ఆధార్ కార్డులో అయితే ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు ఉంటాడు.

ఒకనాడు కంప్యూటర్ లోపల టిక్కుటిక్కుమనడం మొదలైంది. నేను ధీరుడిలా కొత్త డిస్కు కొని, తెర మీద 'అక్క పెళ్ళి' అని కనిపించేదాన్ని అందులోకి లాగాను. రెండు వేల ఫొటోలు రెప్పపాటులో ఎక్కేశాయి. అది నా ప్రతిభే అనుకున్నాను. అంతలో అత్త మజ్జిగ చెంబుతో వచ్చింది.

"రెండో కుండ కట్టేసినా అత్తా."

"మొలక కట్టి చూసినావా?"

"ఇది కంది కాదత్తా, కంప్యూటరు."

"ఏదైతే ఏంది? వేరే మడిలో వేసి చూడు. మీ ఇంట్లో అయితే నీ మాట వింటాది."

"మా ఇంట్లో నా మాట ఎవరు విన్నారు?"

"అట్లయితే ఇంకా బిరీన పో."

గిద్దలూరు నెట్ సెంటర్లో డిస్కు పెట్టి నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. నేను కాపీ చేసింది ఫొటోలను కాదు, అవి ఉన్న చోటికి దారి చూపే షార్ట్‌కట్‌ను. ఇంటి ముందు బోర్డు పీక్కొచ్చి, ఇల్లు తెచ్చానని ఊరేగానన్నమాట.

తర్వాతి బస్సుకే వెనక్కొచ్చి అసలు ఫొటోలు ఎక్కించడం మొదలుపెట్టాను. మూడు గంటలు పట్టింది. అంతసేపూ అత్త పక్కనే కూర్చుంది. టిక్కుమన్నప్పుడల్లా కంప్యూటర్ మీద చెయ్యి వేసి, "ఉండవే తల్లీ, అయిపోవచ్చింది," అని ఈనే గేదెను బుజ్జగించినట్టు బుజ్జగించింది. మర్నాడు మళ్ళీ గిద్దలూరు. ఈసారి నెట్ సెంటర్ తెర మీద మా నాయన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. నాలుగో రోజున కంప్యూటర్ కన్నుమూసింది. మేమెవరమూ ఏడవలేదు. కొత్త కంప్యూటర్లోకి ఫొటోలు ఎక్కించాక, అత్త ఆ డిస్కును గుడ్డలో చుట్టి, విత్తనాల కుండలో పెట్టి కొమరోలుకు పంపించింది.

అత్త పోయి రెండేళ్ళయింది. ఇప్పటికీ తొలకరికి ముందు డిస్కును కొమరోలు నుంచి తెప్పించి, స్నేహితుడి లాప్‌టాప్‌కు తగిలించి ఆ ఫొటో తెరుస్తాను. ఇందాక నాయన వెనక నిలబడి చూశాడు.

"ఏందిరా, ఈ ఏడు కూడా మొలిచినానా?"

"మొలిచినావు నాయనా."

ఆయన నవ్వలేదు. ఫొటో తీస్తానేమోనని భయం కాబోలు.

చివరగా ఒక్క మాట. తగిలించే ముందు డిస్కు మీది బూడిదను పొడిగుడ్డతో తుడవాలి. లేకపోతే వైరు సరిగా పట్టదు.