నెమలి తొడిగిన ట్రంపెట్

మా జనగామలో బ్యాండు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు మా పాట వినరు. వాయిద్యాన్ని చేతిలోకి తీసుకుని, పైకీ కిందికీ ఆడించి బరువు చూస్తారు. బిందె కొన్నా అంతే, గంగాళం కొన్నా అంతే, బ్యాండు మాట్లాడుకున్నా అంతే. ఇత్తడి బరువుంటే సరుకు మంచిది, ఇంక దాని మీద మాట లేదు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. అప్పటికి ఎనిమిదేళ్లుగా మా మేళంలో ముందు ట్రంపెట్ నాది. ముందు ట్రంపెట్ అంటే పాట ఎత్తుకునేవాడు, తక్కినవాళ్లంతా వాడి వెనక రావలసిందే. ఎర్ర కోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, తల మీద ఏ దేశపు సైన్యానికీ లేని టోపీ. ఆ వేషంలో పెళ్లికొడుకు కారు ముందు నడుస్తుంటే, నిజం చెప్పొద్దూ, పెళ్లి నాదేనన్నంత గర్వంగా ఉండేది. చదువు అబ్బలేదు, పొలం లేదు. నాకంటూ ఉన్నది ఆ ముందు చోటు ఒక్కటే.

నా ట్రంపెట్ పలుచని రేకుది. పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండేది కాదు. ఊపిరి తగిలిందో లేదో పలికేది. ఊదిన ప్రతి స్వరం తిరిగొచ్చి నా చెవిని తాకేది, ఆ అదురు వేళ్లకు తెలిసేది. దాని దుర్గుణమూ నాకు తెలుసు. మరీ గట్టిగా ఊదితే పాట చీరుకుపోయేది. అయితే నడిబజారులో ఆటోల హారన్ల మధ్య అది కనిపెట్టేంత చెవి ఎవరికుంది?

ఒకసారి బిడ్డ పెళ్లికి బ్యాండు మాట్లాడటానికి మార్కెట్ రోడ్డు నుంచి ఒక సేటు వచ్చాడు. నా ట్రంపెట్ అందుకుని ఒక్కసారి ఆడించి, మా మేళం యజమానిని, అంటే మేమందరం మాస్టర్ అని పిలిచే ఆయన్ని, జాలిగా చూశాడు.

"గిదేంది మాస్టర్, నూనె డబ్బా రేకు లెక్కున్నది? గిది ఊదితె మా గల్లీనన్న దాటుతదా?"

మాస్టర్ ముఖం మాడిపోయింది. ఆ వారమే ఉద్యమ కమిటీ వాళ్లు వచ్చి, మానుకోటలో ర్యాలీ ఉంది, బ్యాండు రావాలన్నారు. "మన పాట ఢిల్లీకి ఇనవడాలె" అని కూడా అన్నారు. గల్లీ దాటని వాయిద్యంతో ఢిల్లీ దాకా ఎట్లా పోవడం? తెల్లారేసరికి మాస్టర్ నా ట్రంపెట్‌ను సంచిలో వేసి, నన్ను బండి వెనక కూర్చోబెట్టుకుని పెంబర్తి తీసుకుపోయాడు.

పెంబర్తి మాకు పక్కనే. ఇత్తడి రేకు మీద నెమళ్లనూ తీగలనూ లేపే పనివాళ్ల ఊరు. గుడి తలుపులకు తొడుగులు చేసే చేతులకు ట్రంపెట్ ఒక లెక్కా? కానీ అక్కడ ఒక ముసలి పనివాడు దాన్ని తిప్పి తిప్పి చూసి నన్నడిగాడు. "బిడ్డా, మందం జేస్తె దీని పాట ఏమన్న మారుతదా?"

మా వ్యవహారం మొత్తంలో ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే. జవాబు నాకు తెలియదు. తెలియదని ఒప్పుకుంటే ముందు ట్రంపెట్ పరువేం కావాలి? "మారుతది. ఇంక దూరం వోతది" అన్నాను.

ఆయన ట్రంపెట్ ముందువైపు గరాటు మూతి చుట్టూ ఇంకో పొర ఇత్తడి తొడిగాడు. దాని మీద పురి విప్పిన నెమలిని లేపాడు. మూడు మీటల అడుగునా మందపాటి బిళ్లలు బిగించాడు. తెచ్చి చేతిలో పెడితే మణికట్టు వంగింది. సంతోషంతో దారంతా దాన్ని ఒళ్లో పెట్టుకునే వచ్చాను. సేటు కూడా మళ్లీ వచ్చి, ఆడించి చూసి, "గిప్పుడైంది" అన్నాడు.

మానుకోట ర్యాలీలో నా పక్కన ఎప్పటిలాగే రెండో ట్రంపెట్ ఉన్నాడు. అతనిది గూడూరు దగ్గర తండా. నాకన్నా రెండేళ్లు చిన్న, ఇద్దరు పిల్లల తండ్రి. ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ల భాష మాట్లాడతాడు, మాతో మా భాష. రెండింట్లోనూ తక్కువే మాట్లాడతాడు.

స్టేషన్ ముందు పాట ఎత్తుకున్నాను. దూది బస్తాలోకి ఊదినట్టయింది. పాట ముందుకు పోతున్నదో, ఆ నెమలి మింగేస్తున్నదో తెలియలేదు. చుట్టూ నినాదాలు, డప్పులు. ఢిల్లీ సంగతి దేవుడెరుగు, దాన్ని ఊదుతున్న నాకే వినపడలేదు. వినపడటం లేదు కదా అని గట్టిగా ఊదాను. అయినా వినపడకపోతే రెండు చేతులతో పెదవికి అదిమి ఇంకా గట్టిగా ఊదాను. ఒక కిలోమీటరు దూరం అట్లా నాతో నేనే కొట్లాడుకుంటూ పోయాక కింది పెదవి పగిలి రక్తం కారింది.

మాస్టర్ చెయ్యి ఊపాడు. రెండో ట్రంపెట్ తన పలుచటి రేకు వాయిద్యంతో పాట అందుకున్నాడు. జనంలో ఒక్కడంటే ఒక్కడు తల తిప్పి, ముందు ఊదినోడు ఏమయ్యాడని చూడలేదు. పెదవి నొప్పి దాని ముందు ఏపాటిది?

దవాఖానలో నెలన్నర దాకా ఊదొద్దన్నారు. ముందు చోటు అతనికి పోయింది, చోటుతో పాటు నెమలీ పోయింది. ముందు నిలబడేవాడి చేతిలో బరువైనదే ఉండాలని మాస్టర్ తీర్పు. నేను మాత్రం కనబడిన వాళ్లందరికీ చెప్పాను, అది చచ్చిన ట్రంపెట్ అని, పెంబర్తి ముసలాయన దాని ప్రాణం తీశాడని. అతనూ దానితో ఓడిపోతాడులే అని లోపల కొంచెం హాయిగా కూడా ఉండేది. మంచి ఆలోచన కాదు. అయినా వచ్చింది.

నెల దాటాక భూపాలపల్లి ర్యాలీ. గని కార్మికులు పెళ్లాం పిల్లలతో సహా రోడ్డు మీదికి వచ్చారు. ఊరికే తిండి పెట్టడం ఎందుకనుకున్నాడేమో, మాస్టర్ నాకు జెండా ఇచ్చి ముందు నడవమన్నాడు. బ్యాండుకు ఓ యాభై అడుగుల ముందు నడుస్తున్నాను. వెనక నుంచి పాట వచ్చింది.

గుండ్రంగా, నిండుగా, ఎక్కడా చీరుకుపోకుండా, అన్ని నినాదాల మీదుగా వచ్చింది. వేరే ఊరి మేళం కలిసిందా అని వెనక్కి తిరిగి చూశాను. మా నెమలే. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. బరువైన ట్రంపెట్ తన పాటనంతా ముందువాళ్లకే ఇచ్చేస్తుంది, వెనకున్నవాడికి ఏమీ మిగల్చదు. కొనేవాడికి బరువు కావాలి, పిలిచినవాడికి దూరం కావాలి. ఊదేవాడికి కావలసింది తన పాట తనకు వినపడటం. ఆ ముక్క పెంబర్తిలో చెప్పాల్సిన వాణ్ని నేనే.

అప్పుడు అతని ముఖం చూశాను. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. రెండు చేతులతో ట్రంపెట్‌ను పెదవికి అదుముతున్నాడు. ఇంకో రెండు ఫర్లాంగులు ఇట్లాగే ఊదితే పెదవి పగులుతుంది. నాదేమో వారంలో మానుతుంది. నేను నోరు మూసుకుంటే నా చోటు నాకొస్తుంది. ఆ ఆలోచనతో పది అడుగులు నడిచాను. గొప్పకు పోయి తగ్గించి చెప్పడం లేదు, పదే.

జెండా పక్కవాడికి ఇచ్చి వెనక్కి ఉరికాను. "తమ్మీ, మస్తు ఇనవడ్తున్నది. గంత అదమకు, మెల్లగ ఊదు."

చరణానికి చరణానికి మధ్య ట్రంపెట్ దించాడు. "నాకేం ఇనవడ్తలేదన్నా."

"నీకు ఇనవడది. ముందటోళ్లకు ఇనవడ్తది."

అతను నా వైపు చూశాడు. నెల రోజులుగా ఇది చచ్చిన ట్రంపెట్ అని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ని, చోటు పోయినవాణ్ని, ఇప్పుడొచ్చి మెల్లగా ఊదమంటున్నాను. అతని చోట నేనున్నా నమ్మేవాణ్ని కాదు. "సరే అన్నా" అని ఎంతో మర్యాదగా అని, అంతకు రెట్టింపు గట్టిగా ఊదాడు.

బస్టాండ్ దగ్గర పెదవి పగిలింది. మాస్టర్ అతని వైపు కాదు, ముందు నా వైపు చూశాడు. "ఏం జెప్పినవ్‌రా వానికి?"

చెప్పింది చెప్పాను. ఎవరూ నమ్మలేదు. నేను ఉరికి పోయి చెవిలో ఏదో చెప్పడం అందరూ చూశారు, ఆ వెంటనే అతని పెదవి పగలడమూ చూశారు. వారం తర్వాత ముందు చోటు నాకే వచ్చింది. గట్టిగా ఊదమని చెప్పి సాధించుకున్నానని మా మేళంలో ఈ రోజుకీ అనుకుంటారు. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదేమో, కనీసం చేసిన పనికే పేరొచ్చేది.

ఆ సాయంత్రం తిరుగు వ్యాన్‌లో అతను వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మూతికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పరకాల దాటాక అడిగాడు.

"అన్నా, నిజంగనే ఇనవడ్డదా?"

"ఇనవడ్డది. ఇని ఏడ్చిన."

నవ్వబోయి నొప్పికి ఆగిపోయాడు. రుమాలు తీసి చూసుకుని మళ్లీ పెట్టుకున్నాడు. మానుకోటలో నాదీ అట్లాగే వినిపించిందా అని అడగాలని ప్రాణం కొట్టుకుంది. కానీ ఆ రోజు అతను నా పక్కనే ఉన్నాడు, ముందు లేడు.