కాటుకకు కనపడని గొయ్యి

ఉమాశ్రీ కంటబడకుండా ఏ తప్పూ దాక్కోలేదు. రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఆవిడ ప్రోగ్రాం తెరిచిందంటే చాలు, రాసినవాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. అంతటి మనిషికీ శనివారం వస్తే కాలు ఒకచోట నిలవదు. మణికొండలో నరేందర్ ఫ్లాట్‌లో బల్ల చుట్టూ చేరి కథలాట ఆడతారు మరి! నరేందర్ కథ నడుపుతాడు, మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. ఉమాశ్రీది కాటుక అనే దొంగపిల్ల. రెండేళ్లుగా ఏ గుహలోనైనా ముందు నడిచేది అదే. పాత్ర చచ్చిపోతే దాని వివరాలు రాసుకున్న కాగితం చింపేయాలి, మళ్లీ బతికించడం లేదు. కాటుకంటే ఆవిడకు ప్రాణం.

ఆ రోజు కథలో ఒక చీకటి దారి ఎదురైంది.

"నేలంతా వెతుకుతాను," అంది ఉమాశ్రీ.

వెతుకుతానంటే సరిపోదు, ఇరవై ముఖాల పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే దాగున్నది కనపడుతుంది, చిన్నది పడితే లేదు. వేసింది. ఒకటి!

నరేందర్ పాచిక మీంచి చూపు తిప్పుకున్నాడు. "కాటుకకు ఏం కనపడలే. నేల మంచిగనే ఉంది."

చచ్చాంరా బాబూ! ఒకటి పడ్డాక నేల మంచిగుందంటే ఎవరు నమ్ముతారు?

"ఉమక్కా, ముందుగాల ఓ రాయి ఇసిరి చూడు," అన్నాడు ఆఫీసులో ఆవిడ పక్కన కూర్చునే సందీప్.

"ఏంది భై గిట్ల? అంకె చూసింది మనం. కాటుకకేం తెల్వదు కద," అన్నాడు నరేందర్. వెంటనే తల దించుకున్నాడు. "ఇగ నీ ఇష్టం ఉమా."

ఉమాశ్రీ కాటుక కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. ముందు గొయ్యో మరోటో ఉందని తనకు తెలుసు. తెలిసి నోరు మూసుకోవడం ఆవిడ జన్మలో చేయలేదు. కానీ నేల బాగుందనుకున్న కాటుక ఏనాడైనా వెనక్కి తగ్గిందా? తగ్గితే అది కాటుకే కాదు. ఎంత ఏడుపొచ్చిందో అంత హుషారూ వచ్చింది.

"నడుస్తానండీ. ఎప్పట్లాగే ముందు నేనే!"

నేల నోరు తెరిచింది. కాటుక గోతిలో పడింది. దెబ్బ ఎంతో తేల్చే పాచికలు నరేందర్ కళ్లు మూసుకుని వేశాడు. కాటుకకున్న ప్రాణబలం ఆరు, దెబ్బ అంత పడితే చావే. పడ్డ అంకె ఐదు.

"ఒక్కటి మిగిలింది! బతికింది భై, బతికింది!" చంపాల్సినవాడే కుర్చీ ఎక్కి కేకలు పెట్టాడు. సందీప్ ఈల వేశాడు.

ఉమాశ్రీ మాత్రం కళ్లయినా తుడుచుకోకుండా పాచిక అందుకుంది. "ఆగండాగండి నరేందర్ గారూ! ఈ గొయ్యి అడుగున ఏముందో వెతుకుతాను!"