గిరిలో ఖాళీ జాగ

సిద్దిపేటలో నేను కిరాయికి పుస్తకాలిచ్చే షాపు నడిపిన రోజుల్లో ఒక వారపత్రిక సీరియల్ మా వీధిని పట్టుకుంది. అందులో ఒక ఊరివాళ్లు కళ్లకు గంతలు కట్టుకుని, నోరు మెదపకుండా ఒక ఆట ఆడతారు. బంతిలో గజ్జెలుంటాయి. మైదానం నడుమ సున్నంతో గుండ్రంగా గీసిన గిరి ఉంటుంది. అందులో ఎవరూ నిలబడరు, అది చచ్చిపోయినవాళ్ల జాగ. బంతిని ఆ గిరిలోంచి దొర్లించి అవతలున్న తమవాడికి అందిస్తే పాయింటు. గిరిలో ఆగిపోతే మాత్రం ఎవరూ ముట్టకూడదు. దానంతటది బయటికొచ్చేదాకా ఆగాలి.

రచయిత భయపెట్టడానికి రాసినదాన్ని మావాళ్లు ఆడటానికి తీసుకున్నారు. మొదలుపెట్టింది మా వీధిలో డిగ్రీ చదివే పిల్లగాడు. వాళ్లమ్మ బీడీలు చుట్టేది, ఆమెను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. మా షాపు పక్కనున్న దర్జీ, ఉర్దూ తెలుగు కలిపి మాట్లాడే మనిషి, పాత గుడ్డలు కూరి లోపల గజ్జెలు పెట్టి బంతి కుట్టాడు. దయ్యాల ఆట అని మొదట అందరూ నవ్వారు. నవ్వినవాళ్లే తర్వాత దస్తీ పట్టుకొచ్చి కళ్లకు కట్టించుకున్నారు. తెలంగాణ ఉద్యమం రోజులు, బంద్‌లు, సమ్మెలు. ఎవరికీ పొద్దు పోయేది కాదు. గజ్వేల్ నుంచి కూడా బండ్ల మీద వచ్చేవారు. పొద్దున దీక్షా శిబిరంలో గొంతు చించుకున్నవాళ్లు సాయంత్రం మా దగ్గర నోరు కుట్టేసుకుని ఆడేవారు. ఆ నిశ్శబ్దం కోసమే వస్తున్నామని ఒకరిద్దరు చెప్పారు. నాకూ అది బాగుండేది.

ఒక ఎండాకాలం ఆ పిల్లగాడు హైదరాబాద్‌లో ఊరేగింపుకని పోయి తిరిగి రాలేదు. నేనూ దర్జీ కలిసి దవాఖానాలు, ఠాణాలు తిరిగాం. ఉన్నాడని చెప్పేవాడు లేడు, పోయాడని చెప్పేవాడూ లేడు. అక్క ఒక్కటే మాట పట్టుకుంది.

"వాడు వస్తడు. రానోడైతే తల్లిని, నాకు తెల్వకుంట ఉంటదా?"

ఆకుల చాట ఒళ్లో పెట్టుకుని రోజూ మైదానం గట్టు మీద కూర్చునేది. బీడీలు చుడుతూ మా ఆట చూసేది.

వాడు పోయాక ఆటలో ఒకటి మారింది. అంతకుముందు గిరిలో ఆగిన బంతి కదిలేది కాదు, ఆ పూటకు ఆట ఆపి కర్రతో లాక్కునేవాళ్లం. ఇప్పుడు ఆగిన బంతి కాసేపటికి గజ్జెలు మోగించుకుంటూ బయటికొచ్చేది. ఎప్పుడొచ్చినా మైదానంలో వేపచెట్టున్న మూలకే వచ్చేది. అది వాడు నిలబడే మూల. అందరూ గుసగుసలు మొదలుపెడితే నేను కసురుకున్నాను.

"వాలు ఉన్నదయ్యా గీడ. బంతి పల్లానికి గాక ఏడికి పోతది?"

దయ్యాల కథలు కిరాయికివ్వడమే గానీ నమ్మే అలవాటు నాకు లేదు. దర్జీ చెంబుతో నీళ్లు తెచ్చి గిరిలో పోశాడు. నీళ్లు వేపచెట్టుకు ఎదురు దిక్కుకు పారాయి.

"అబ్ బోలో భాయ్," అన్నాడు మెల్లగా. "నీళ్లకు దొరకని పల్లం బంతికి ఎట్ల దొరికింది?"

ఆ సాయంత్రం నుంచి కళ్లకు గంత కడితే చాలు, వీపు చల్లబడేది. భయమే వేసింది, దాచడమెందుకు?

పెత్రమాస వచ్చింది. ఆ రోజు మావైపు చనిపోయినవాళ్ల పేరున పూజారి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తారు. పొద్దుగూకకముందే ఇవ్వాలి. ఒకరి పేరున బియ్యమిచ్చామంటే ఆ మనిషి ఇక లేడని ఇల్లు ఒప్పుకున్నట్టే. అక్క పొద్దున్నే భర్త పేరున ఇచ్చింది. "ఇంకెవరన్న ఉన్నరా?" అని అయ్యగారు అడిగితే "గంతే" అని లేచి వచ్చేసిందట.

సాయంత్రం ఆట మొదలుకాబోతుంటే గజ్వేల్ పిల్లలు ఒక పని చేశారు. సీరియల్‌లో ఆటగాడెవరైనా చనిపోతే వాడి గంతను గిరిలో పెడతారు. వీళ్లు ఆ పిల్లగాడు కట్టుకునే ఎర్రంచు దస్తీని, దర్జీ దాచి ఉంచినదాన్ని, మడిచి గీత దాటకుండానే చేయి చాచి గిరిలో పెట్టారు.

"పెత్రమాస గదా, మనోన్ని గూడ యాది చేసుకోవాలె" అన్నాడొకడు.

నేను వద్దనేలోపే అక్క లేచింది. చాట బోర్లపడి ఆకులు చెదిరిపోయాయి.

"నా కొడుకు సచ్చిండని మీకెవడు చెప్పిండురా?"

ఆమె నేరుగా గిరిలోకి నడిచింది. మాలో ఎవ్వరూ ఏనాడూ తొక్కని జాగ అది. దస్తీ తీసి తన కళ్లకే కట్టుకుంది.

"వాడు వచ్చేదాంక గీ జాగ నాది. ఆడుర్రి!"

ఆమె కోపానికి ఎదురు చెప్పే ధైర్యం లేక ఆడాం. దూరంగా బతుకమ్మలు పట్టుకుని పోతున్న ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. గజ్జెల చప్పుడు గిరిలోకి పోయి ఆగింది. తర్వాత వినిపించింది గజ్జెలు కాదు, అక్క గొంతు. ఇందాకటి కోపం అందులో లేదు.

"జరిగిండు."

గంత పైకి నెట్టి చూశాను. బంతి ఆమె కాళ్ల దగ్గరుంది. ఆమె గిరిలో ఒక పక్కకు నిలబడి ఉంది. ఎడమచెయ్యి ఎవరి భుజం మీదో వేసినట్టు గాలిలో ఆగి ఉంది.

"ఎవరక్కా?" అన్నాను.

"నేను నిలవడంగనే జరిగి జాగ ఇచ్చిండు తమ్మీ. చిన్నప్పుడు చాప మీద గూడ గంతే. ఎంత నిద్రల ఉన్నా నేను పక్కల పండితే జరుగుతుండె."

నాకు ఏడుపొచ్చింది. దర్జీ మొహం అటు తిప్పుకున్నాడు. ఆమె కళ్ల గంత విప్పలేదు. నా గొంతు వినిపించిన వైపు తిరిగింది.

"పొద్దు ఇంక ఉన్నదా?"

"ఉన్నదక్కా. గూకలేదు."

"అయితే నడువు. అయ్యగారింటికి పోదాం. వాని పేరు మీద బియ్యం ఇయ్యాలె."