హీటరు మీద నేను రాసిన రిపోర్టు

1959 మార్చిలో నన్ను కోరాపుట్‌లోని ఒక ప్రభుత్వ మోటారు వర్క్‌షాపులో రెండో గ్రేడు మెకానిక్‌గా వేశారు. అక్కడికొచ్చే బళ్లన్నిటిలో హీటరున్నది ఒక్కటే, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి విలాయతీ కారు. దాన్ని నడిపే అప్పలస్వామి గుణుపురం వైపు రైతు కుటుంబం వాడు, యాభై దాటినవాడు. బంగళా వెనక ఒంటిగది క్వార్టరు ఆ డ్యూటీతోనే వచ్చింది.

డిసెంబరులో ఆ కారు వర్క్‌షాపుకొచ్చింది. హీటరు వెచ్చబడదు, ముందు అద్దం మసక వదలదు. ఇంజనీరు గారి భార్య, అంటే అమ్మగారు, రెండు కంబళ్లు కప్పుకుని కూర్చుంటున్నారు. కొండ ఘాటు రోడ్డు మలుపుల్లో ఇంజనీరు దొరగారే తన చేతిరుమాలుతో డ్రైవరు ముందున్న అద్దం తుడుస్తున్నారు. అది హోదాకు తగని పనని మా సూపర్‌వైజరు బాధ.

అద్దం మీది మసక పోగొట్టేది డీఫ్రాస్టరు. హీటరు గాలిని గొట్టాల ద్వారా అద్దం కింది సందుల్లోకి పంపుతుంది. ఆ సందులో తీగ పెట్టి లాగితే ఒకటి తర్వాత ఒకటి పదకొండు చుట్టలు వచ్చాయి.

"ఏటయ్యా ఇది, కారా, పొగాకు కొట్టా?" అన్నాడు సూపర్‌వైజరు.

"సుట్టలు నావే బాబూ. జేబులో ఎడితే మెత్తబడిపోతన్నాయి, అక్కడైతే ఎండ తగుల్తాదని ఎట్టేను. ఈటరు జోలికి మాత్రం నానెల్నేదు," అన్నాడు అప్పలస్వామి.

హీటరును పరీక్షించకుండానే, హీటరూ డీఫ్రాస్టరూ రెండూ డ్రైవరు నిర్లక్ష్యం వల్లే చెడ్డాయని రిపోర్టు రాశాను. పదకొండు చుట్టలు దొరికాక ఇంకా వెతకడం దండగనిపించింది. మూడో రోజు ఆర్డరు వచ్చింది: అప్పలస్వామికి రాయగడలో రోడ్డు రోలరు మీద డ్యూటీ, వారంలో క్వార్టరు ఖాళీ.

గొట్టాలు శుభ్రం చేశాక గాలి బాగానే వచ్చింది, చల్లగా. అప్పుడు హీటరుకు వెళ్లే రెండు రబ్బరు పైపులూ పట్టి చూశాను. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే లోపల అడ్డు ఉన్నట్టు. ఇక్కడ రెండూ ఒకేలా గోరువెచ్చన. అంటే ఇంజిను నీళ్లే కాగడం లేదు.

కారణం నా సొరుగులో ఉంది. ఇంజిను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరులోకి పోనివ్వని చిన్న మూత థర్మోస్టాట్. ఎండాకాలం ఘాటెక్కే బళ్లలో నీళ్లు మరిగిపోతాయని ఏప్రిల్లో దాన్ని తీసేయడం మా కొండ వర్క్‌షాపుల అలవాటు. హీటరు లేని జీపులకు అది మళ్లీ పెట్టకపోయినా ఎవరికీ తెలియదు. ఈ కారుది తీసింది నేనే.

పది నిమిషాల్లో బిగించేశాను. అమ్మగారు కంబళ్లు తీసేశారట. దొరగారు నా సర్వీసు పుస్తకంలో ప్రశంస రాశారు. అప్పలస్వామి క్వార్టరు ఖాళీ చేయడానికి ఇంకా నాలుగు రోజుల గడువుంది. నేను నోరు విప్పలేదు. అతని సామాను లారీకెక్కిస్తుంటే తాడు కట్టడానికి మాత్రం వెళ్లాను.

రెండేళ్ల తర్వాత రాయగడ రోడ్డు మీద, బొగ్గుతో నడిచే ఆవిరి రోలరు దగ్గర అతన్ని కలిసి జరిగింది చెప్పాను. అతను పొయ్యిలో మరో పార బొగ్గు వేశాడు.

"ఆవేళే తెల్సు బాబూ. ఏప్రిల్లో నువ్వు దాన్ని ఇప్పి సొరుగులో ఏస్తంటే పక్కనే ఉన్నాను."

"మరప్పుడే సెప్పకపోయేవా మావా?" అన్నాను.

"సుట్టలు దొరికినోడి మాట ఎవులింటారు? పోనీ, ఈ మిసను మీద సలంటే ఏటో మర్సిపోనాను."

ఆ తర్వాత నేను రాసిన ప్రతి రిపోర్టులో మొదటి వాక్యం ఒకటే: ఈ బండికి మా వర్క్‌షాపు చివరిసారి ఏం చేసింది. చాలా బళ్ల లోపం అక్కడే దొరికింది.