తూముకు కట్టని బుట్ట

నాకు కోపం వస్తే ముందు చెయ్యి లేచేది, మాట తర్వాత వచ్చేది. నాయిన నాకిచ్చిన ఆస్తి అదొక్కటే. ఆయన ఊళ్లో నీరటి. చెరువు తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంత నీరో చూడటం ఆయన పని. నీళ్లు మళ్లించుకున్నవాణ్ని పార కామతోనే కొట్టేవాడు. మమ్మల్ని కొట్టడానికి పార కూడా అక్కర్లేదు.

ఆయన పోయాక, తొంభైల మొదట్లో, నల్లగొండలో కిరాయి ఇంట్లో అమ్మ, తమ్ముడు, నేను ఉండేవాళ్లం. నాది కాలిపోయిన మోటర్లకు కొత్త తీగ చుట్టే షాపు. హైదరాబాద్ పోయినప్పుడు ఒక అద్దాల తొట్టి, రెండు ఫైటర్ చేపలు తెచ్చాను. రెంటినీ కలిపి వేయొద్దని అమ్మినవాడు చెప్పినా వేశాను. తెల్లారేసరికి ఒకటి రెండోదాని రెక్కలు చీల్చి చంపేసింది. మిగిలిన ఆ నీలం చేపంటే నాకు ప్రాణమైంది.

తొట్టిలో వేలాడే పైపులు, నీళ్లను వడగట్టే బుడగల డబ్బా చూస్తే దవాఖానలో సెలైన్ ఎక్కించుకుంటున్న మనిషి గుర్తొచ్చేవాడు. వాటిని దాచాలనుకున్నాను. థర్మకోల్ పలకల్ని వేడి కత్తితో గుట్టరాళ్లలా చెక్కి, సిమెంటులో అమ్మ గడపకు పూసే ఎర్రమట్టి జాజు కలిపి పూశాను. రెండు వారాలు నీళ్లు మారుస్తూ నానబెట్టి, వెనక అద్దానికి నాలుగు వేళ్ల ఎడంగా అతికించాను. సామానంతా దాని వెనక్కి పోయింది. మురికి నీళ్లు డబ్బా దగ్గరికి చేరడానికి అడుగున రెండు వేళ్లు పట్టేంత రంధ్రం పెట్టాను.

తమ్ముడు చూసి నవ్వాడు. "చెర్వుకు తూము గూడ పెట్టినవానే అన్నా! గీ చాపను పులుసు వెడితే ముద్దకు గూడ సాలదు."

వాడు అప్పటికే పోలీసు సెలక్షన్లలో పరుగు, రాత పరీక్ష గట్టెక్కాడు. మిగిలింది వైద్య పరీక్షే. ఆ ఉద్యోగం వస్తే మా కష్టాలు తీరతాయని అమ్మ ఆశ.

ఇంకో ఐదు రోజుల్లో పరీక్ష ఉందనగా, ఒక సాయంత్రం నేను వచ్చేసరికి తొట్టిలో చేప లేదు. ఇల్లంతా చేపల పులుసు వాసన. తమ్ముడు తింటున్నాడు.

"చాపేది?" అన్నాను.

"పులుసుల దేవులాడు" అన్నాడు కంచం చూపించి నవ్వుతూ.

రెండో మాట అననివ్వలేదు. చెంప మీద పడాల్సిన దెబ్బ ఎడమ చెవి మీద పడింది. కంచం ఎగిరి గోడకు తగిలింది. పడ్డవాణ్ని జుట్టు పట్టి లేపి మళ్లీ అక్కడే కొట్టాను. అడ్డమొచ్చిన అమ్మను తోసేశాను. తమ్ముడు నాకన్నా బలవంతుడు, అయినా చెయ్యెత్తలేదు. చెవిలోంచి నెత్తురు సన్నగా మెడ మీదికి దిగింది. అప్పుడు కూడా నాకు జాలి కలగలేదు. సిగ్గుగా ఉంది ఇది రాస్తుంటే.

వైద్య పరీక్షలో డాక్టరు తమ్ముడి వెనక నిలబడి మెల్లగా అంకెలు పలికాడట. కుడి చెవికి పలికినవన్నీ వాడు చెప్పాడు. ఎడమ చెవికి ఎప్పుడు మొదలుపెట్టాడో కూడా వాడికి తెలియలేదట. ఎట్లా పోయిందని అడిగితే బంతి తగిలిందన్నాడట. ఇంటికొచ్చి గడపలో నిలబడి, "నన్ను తీసేసిండ్రమ్మా" అన్నాడు.

ఆ మాట వినగానే నన్ను నేను కొట్టుకోలేక తొట్టి మీద పడ్డాను. ఆ రాళ్ల గోడను రెండు చేతులా పట్టి పెరికాను. అద్దం పగిలి అరచెయ్యి కోసుకుంది, నీళ్లు గదంతా పారాయి. అడుగున మిగిలిన నీళ్లలో, బుడగల డబ్బా పక్కన, నీలం చేప. బతికే ఉంది. తీయబోతే చెంపలు ఉబ్బించి నా వేలి మీదికే వచ్చింది.

అమ్మ వంగి ఆ రంధ్రం చూసింది. నాయిన తూము తెరిచే ముందు, చేపలు పొలాల్లోకి పోకుండా దానికి బుట్ట కట్టేవాడు. ఎన్నోసార్లు ఆ బుట్టను నేనే మోసుకెళ్లాను.

"తూముకు బుట్ట గట్టలేదార? నీరటి కొడుకువేనార నువ్వు?" అంది.

తమ్ముడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పక్కన నిలబడి, "తప్పయిందిర" అన్నాను. వాడు కదల్లేదు. నేను నిలబడింది ఎడమ వైపని అప్పుడు తెలిసింది. కుడి వైపుకు పోయి ఆ మాట మళ్లీ అనడానికి నాకు నోరు రాలేదు.